కాజా

ఇరవై ఏండ్లు సుల్తాన్‌బజార్ల కాజా-గుండీ పని జేసిన.
కత్తిరించుడు మాస్టర్‌ది, కుట్టుడు మిషన్‌ది,
చివరాఖరికి బట్ట కోసి, కోసిన అంచు చుట్టు
దారం అల్లుడు మాత్రం నాది.
గంటకిన్ని అని లెక్క లేకుండె,
రేడియోల పాట అయిపోయే లోపల ఒకటి.

తర్వాత రేడియో బంద్ జేసినా మాటలు ఆగలే.
ఎవడో ఒకడు, పేరు పెట్టి మరీ,
"లింబాద్రీ, ఆ కాజాలకెల్లి నిన్ను చూస్తున్నరు" అన్నడు.
చూసిన. నిజంగనే ప్రతి కాజా ఒక కన్ను.
ఆ దినం నలభై అంగీల కాజాలన్నీ
కుట్టి మూసేసిన.
సేటు కొట్టలేదు. కూసోబెట్టి నీళ్లిచ్చి
మా అక్కకు ఫోన్ జేసిండు.

ఎర్రగడ్డ.
చిన్నప్పుడు బడిల ఎవడన్నా తిక్కతిక్క జేస్తే
"వీనికి ఎర్రగడ్డ టికెట్ కొట్టుండ్రి" అని నవ్వెటోళ్లం.
నేనే ఎక్కువ నవ్వెటోణ్ణి.

గోలీలు పడ్డయి. మాటలు దూరం జరిగినయి,
పక్కింటోళ్ల కొట్లాట లెక్క గోడ అవుతల ఉన్నయి.
కాని చేతులు వణుకుడు వెట్టినయి.
నాలుగు నెలలు మంచమే నా దుకాణం.

పని గదిల వెరోనికా మేడం
ఎట్లున్నవని గూడ అడగలే.
పాత చెద్దరు పేలిక నడుమ ఒక్క కోత వెట్టి
నా ముంగట పడేసింది.
"ఇది పోగులు పోతున్నది, జెర చూడు."
మూడు దినాలు చూసుడే జేసిన.
నాలుగో నాడు సూది పట్టిన.
దారం ఎక్కిచ్చుటానికే పగటీలి అయ్యింది.

ఆ గదిల సూదులు లెక్కవెట్టి ఇస్తరు,
లెక్కవెట్టి తీస్కుంటరు. పన్నెండు.
ఒకనాడు పదకొండే తేలినయి.
తలుపు వేసిండ్రు.
మందుల కవర్లు అతికే సకీనాబీ
జిగురు చేతులు పైకెత్తి నిలబడ్డది.
కుర్చీలల్లే ప్రభుదాసు బెంచి కిందికి దూరిండు.
గోడ అవుతలోడు గోడ దుంకి వచ్చిండు:
"నువ్వే. చెప్పు. నువ్వే."
నేనే అని చెప్పబోయిన. నోరు గూడ తెరిచిన.
అప్పుడు కనవడ్డది
మేడం కొంగుకే, భుజం కాడ,
తోకంత దారంతోని తళుక్కుమని.
"మేడం, మీ తాన్నే ఉన్నది."
ముందుగాల ఎవరు నవ్విండ్రో యాది లేదు.
ఆమెనే అనుకుంటా.
అందరు నవ్వినంక చెవులు రిక్కించి చూస్కున్న,
వాడు లేడు.
సిగ్గయ్యి పోయిండో, వాడు గూడ నవ్వుతున్నడో.

కాజా అంటే ఏందో మీకు చెప్పాలె.
అది చిరుగే. కావాలని కోసిన చిరుగు.
దాన్ని మూయొద్దు.
మూస్తే అంగీ ఎందుకూ పనికిరాదు, నేను జేసి చూసిన.
అంచు పొంటి ముడి పక్కన ముడి,
ఇంక పెరుగకుండ.
అంతే పని. కండ్లు గుంజుతయి.

ఇప్పుడు దినాం అక్కోళ్ల ఇంటికెల్లి ఒక్కణ్ణే వస్తున్న.
గుండీలు కిందికెల్లి పెట్టుకుంట రమ్మని మేడం నేర్పింది,
వరుస తప్పదట.
తప్పితే ఎవరూ సచ్చిపోరని గూడ నేర్పింది.

బస్సుల కండక్టర్ అడిగిండు, ఏడికి?
"ఎర్రగడ్డ, ఒకటి."
ముంగటి సీట్ల పోరగాళ్లు ఒకర్నొకరు చూస్కున్నరు.
చూస్కోనీ.
చిల్లర సరిగ్గ లెక్కవెట్టి ఇచ్చిన.
గోడ అవుతలోడు ఏందో గొణుగుతున్నడు,
నా ధ్యాస అటు లేదు.
కండక్టర్ అంగీకి రెండో గుండీ
ఒక్క పోగు మీద వేలాడుతున్నది.

చెప్పాల్నా, వద్దా?
అమీర్‌పేట పోయింది. ఎస్సార్‌నగర్ పోయింది.
కొత్త మనిషితోని నేను మాట్లాడక రెండేండ్లు.
దిగేటప్పుడు, ఒక కాలు మెట్టు మీద వెట్టి
"అన్నా," అన్న,
"జెర నీ గుండీ చూస్కో."